తల దొరకని రాకాసి



వార్షికోత్సవ సంచికకు మీ బ్యాచ్ తరఫున ఏదైనా రాసి పంపండన్నా అని తమ్ముళ్ళు ఫోన్ చేసిన రోజు నుంచి మా పన్నెండు మందిలో ఒకటే చర్చ. ఏం రాయాలి? తెల్లవారుజామున బెల్లు, స్టడీ అవర్, గుడ్డు పెట్టే రోజు పొడుగాటి లైను, సెలవులకు ఇంటికి పోయేటప్పుడు నెత్తిమీది సందుగ... ఇవన్నీ మనందరివీ. ఎవరు రాసినా ఒక్కటే. చివరికి ఒక మాట మీదికి వచ్చాం. మేము ఎప్పుడు కలిసినా చెప్పుకొని నవ్వుకునే సంగతి ఒకటుంది. నవ్వడం అయ్యాక కాసేపు ఎవరమూ మాట్లాడని సంగతి కూడా అదే. దాన్నే రాద్దామనుకున్నాం.

అది ఒక రాకాసి కథ. ఎప్పుడో చచ్చి, ఉత్త బొక్కలతో లేచి నడిచిన రాకాసిబల్లి కథ. దాన్ని పుట్టించింది మేమే. కాబట్టి దాని మంచిచెడ్డలు చెప్పవలసినది కూడా మేమే.

అది 2003వ సంవత్సరం, వానాకాలం. మన ఖానాపూర్ అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. నిర్మల్ జిల్లా 2016లో ఏర్పడింది. మేము తొమ్మిదో తరగతి. కడెం, పెంబి, దస్తురాబాద్, మామడ దిక్కుల నుంచి వచ్చిన పన్నెండు మందిమి చివరి గదిలో ఉండేవాళ్ళం. మనిషికొక చాప, ఒక చెద్దరు, ఒక సందుగ. కరెంటు పోతే గది మొత్తానికి ఒక కందిలి.

ఆ ఏడు ఆరో తరగతిలోకి చిన్న పిల్లలు చాలామంది వచ్చారు. కొత్త కదా, ఇల్లు యాదికొచ్చి నిద్ర పట్టేది కాదు. నాలుగు గంటలకే లేచి, కబుర్లు చెప్పుకుంటూ నల్లా దగ్గర చేరేవాళ్ళు. బెల్లు కొట్టాక మేము లేచి పోయేసరికి ట్యాంకులో నీళ్ళు అడుగంటేవి. పెద్ద క్లాసు వాళ్ళం, మేము బోరింగు కొట్టుకొని స్నానం చేయడమా అని మాకు ఉక్రోషం. మొత్తం కథకు మూలం ఇదే. ఒక బకెట్ నీళ్ళు.

అవే రోజుల్లో హాస్టల్ వెనక గుంత తవ్వుతుంటే ఒక పొడుగాటి బొక్క బయటపడింది. ఇప్పుడు ఆలోచిస్తే అది ఏ ముసలి బర్రెదో అయి ఉంటుంది. ఆ రోజు మాకు అలా తోచలేదు. తోచినా అలా అనుకోవడం మాకు అక్కరలేదు. మాలో ఒకడు దాన్ని చేతిలో పట్టుకొని, ఆరో తరగతి పిల్లలు వింటుండగా మెల్లగా అన్నాడు:

"ఇది రాకాసిబల్లి బొక్క రా. మా తాత చెప్పిండు. గోదావరిల ఉంటది. సదర్మాట్ కాడ నీళ్ళల్లకెళ్ళి లేస్తది. తోలు లేదు, కండ లేదు, ఉత్త బొక్కలే. తలకాయ సుత లేదు. తెల్లారేదాక దాని తలకాయ కోసం దేవులాడుతనే ఉంటది."

"దొరకకుంటె ఏం జేస్తదన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు.

మాలో ఇంకొకడు అందుకున్నాడు. "చిన్న పిలగాండ్ల తలకాయైతే సరిపోతదట."

అంతే. ఆ రాత్రి మేము స్టీలు కంచం ఒకటి తీసుకొని కిటికీ ఊచల మీద రాస్తూ వరండా పొడుగునా నడిచాం. కటకటమని బొక్కలు రాసుకున్నట్టే ఉంది ఆ చప్పుడు. లోపల ఒక్క పిల్లవాడు కూడా కిక్కురుమనలేదు. మర్నాడు తెల్లవారుజామున నల్లా దగ్గర పురుగు లేదు. వారం రోజులు మేము దొరల్లాగా స్నానాలు చేశాం.

తర్వాత జరిగినదాన్ని మేము ఊహించలేదు. పిల్లలు రాత్రిళ్ళు బయటికి పోవడమే మానేశారు. పొద్దున్నే రెండు చాపలు తడిసి ఉండేవి. ఆ రెండు చాపలవాళ్ళూ పక్కపక్కన పడుకునేవాళ్ళు. ఒకడు పెంబి దిక్కువాడు, ఒకడు కడెం దిక్కువాడు. తోటి పిల్లలు నవ్వారు. సిగ్గు లేకుండా మేమూ నవ్వాం. కామాటి అవ్వ ఆ చాపలు కడిగి గోడ మీద ఆరేస్తూ, "ఎవ్వని పని రా ఇది? పోరగాండ్లను గిట్ల బెదిరిస్తరా?" అని మా గది దిక్కు చూసి అడిగింది. మేము పుస్తకాల్లో తలలు దూర్చాం.

దసరా సెలవులకు అందరం ఇళ్ళకు పోయాం. సెలవులు అయ్యాక ఆ ఇద్దరు తమ్ముళ్ళు తిరిగి రాలేదు. వార్డెన్ సారు మా గదికి వచ్చి, మీకేమైనా తెలుసా అని అడిగారు. పన్నెండు మందిమీ ఒక్కటే జవాబు చెప్పాం. తెలియదన్నాం.

ఆ డిసెంబరులో బడి నుంచి విజ్ఞాన యాత్రకు హైదరాబాదు తీసుకుపోయారు. మాలో చాలామంది నిర్మల్ దాటి పోవడం అదే మొదటిసారి. చార్మినార్, జూ పార్కు చూసి, నౌబత్ పహాడ్ మీద ఉన్న బిర్లా సైన్స్ సెంటరుకు వెళ్ళాం. అక్కడ 2000 సంవత్సరంలో డైనోసారియం అని ఒక కొత్త విభాగం తెరిచారు. అందులో అడుగుపెట్టగానే మేము నిలబడిపోయాం.

ఎదురుగా మా రాకాసి ఉంది. తోలు లేదు, కండ లేదు, ఉత్త బొక్కలే. నాలుగు స్తంభాల్లాంటి కాళ్ళు, పొడుగాటి మెడ, అంతకంటే పొడుగు తోక. నేల మీద నిలబడి, ఇప్పుడే అడుగు తీసి వేస్తుందా అన్నట్టు ఉంది. మేము కల్పించి చెప్పింది ఎవరో విని చేసిపెట్టినట్టే ఉంది. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. దొరికిన ఊరు యామన్‌పల్లి, ఆదిలాబాద్ జిల్లా.

మన జిల్లా! మాలో ఒకడు ఆ ఊరి పేరు రెండుసార్లు బయటికి చదివాడు. అంత పెద్ద హైదరాబాదులో మన దిక్కు నుంచి పోయి ఠీవిగా నిలబడినది మేము చూసిన మొదటిది అదే.

మా సైన్సు సారు చుట్టూ నిలబెట్టుకొని చెప్పారు. మన గోదావరి కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది కదా. ఆ ప్రాణహిత దిక్కున, అవతలి ఒడ్డు సిరొంచ సమీపాన కోట అనే ఊరుంది. ఆ ఊరి పేరు మీదనే అక్కడి రాతి పొరలను కోట పొరలు అంటారు. ఇంచుమించు 18 కోట్ల ఏళ్ళ కిందటివి. ఆ పొరల్లోనే, యామన్‌పల్లి దగ్గర, 1970ల చివర భారత భూగర్భ సర్వే శాఖవాళ్ళు ఈ బొక్కలను తవ్వితీశారు. ఆ శాఖలోని పి. యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దీనికి ఈ పేరు పెట్టారు. తర్వాత మేము చదివి తెలుసుకున్న లెక్క ఇంకొకటి ఉంది. అక్కడ దొరికినవి మొత్తం 840 ఎముకల భాగాలు. కనీసం 12 జంతువులవి. తలకొకటి చొప్పున ఏదీ పూర్తిగా లేదు. వాటన్నిటిలోంచి ఏరి, కూర్చి, ఒక్క జంతువును నిలబెట్టారు.

"సార్, మరి తలకాయ?" అని మాలో ఒకడు అడిగాడు. గొంతు కొంచెం వణికింది.

సారు నవ్వారు. "మంచి ప్రశ్న. తలకాయ దొరకలేదు రా. రెండు పళ్ళు మాత్రం దొరికినయి. ఇక్కడ కనపడే తల అంచనా వేసి చేసి పెట్టింది."

మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. తల లేదన్నది మేము నోటికొచ్చినట్టు అన్న మాట. అది నిజమైంది. ఆ నిమిషంలో పెద్దవాళ్ళమైన మాకే నిజంగా భయం వేసింది.

"అయితే సార్, అది ఏం తింటుండె? మనుషుల్నా?"

"మనుషులెక్కడున్నర్రా అప్పుడు? అది ఆకులు తినే జీవి. ఆ పళ్ళు చూస్తేనే తెలుస్తది. మన మేకల లెక్కనే. కాకపోతే రెండున్నర టన్నుల మేక."

అందరూ నవ్వారు. మా పన్నెండు మందికి నవ్వు రాలేదు. గోడ మీద ఆరేసిన రెండు చాపలు యాదికొచ్చాయి. ఆకులు తిని బతికిన జీవిని అడ్డం పెట్టి ఇద్దరు పిల్లలను బడి మాన్పించాం మేము. రాకాసి ఎవరు?

తిరుగు ప్రయాణంలో బస్సులో సారు ఇంకొక మాట చెప్పారు. మనవాళ్ళు భూమిలోంచి వచ్చిన పాతదానికీ, పెద్దదానికీ రాక్షసి పేరే పెట్టారట. బెల్లంపల్లి, మంచిర్యాల దిక్కు గనుల్లో తవ్వే బొగ్గు రాక్షసి బొగ్గు. నిజానికి అది కోట్ల ఏళ్ళ కింద పూడిపోయిన అడవి. పెద్ద పెద్ద బండలతో కట్టిన పురాతన సమాధులు తెలంగాణ పల్లెల్లో రాక్షస గుళ్ళు. నిజానికి అవి ఇనుము వాడకం నేర్చిన కాలంలో మనలాంటి మనుషులు తమ చచ్చినవాళ్ళ కోసం కట్టుకున్నవి. డైనోసార్ రాక్షసబల్లి. అది ఆకులు తినేది కూడా కావచ్చు. "తెలియని దానికి రాక్షసి అని పేరు పెడతం. తెలుసుకున్నంక అది మన చుట్టమే అని తెలుస్తది" అన్నారు సారు. పరీక్షలో రాని ప్రశ్నకు సారు చెప్పిన జవాబు ఇన్నేళ్ళుగా మాకు గుర్తున్నది ఇదొక్కటే.

హాస్టలుకు వచ్చాక ఆ రాత్రి మా గదిలో ఎవరమూ నిద్రపోలేదు. మర్నాడు పోయి వార్డెన్ సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాం. సారు కొట్టలేదు. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "మీరు చెప్పిన అబద్ధం మీరే పోయి తీసేసి రండి" అన్నారు. అంతకంటే దెబ్బలే నయమనిపించింది.

సంక్రాంతి సెలవుల్లో, కాస్మెటిక్ చార్జీల కింద మిగిలిన పైసలు పన్నెండు మందిమి పోగేసి, మాలో ముగ్గురిని పంపించాం. మొదట పెంబి దిక్కు వెళ్ళాం. తమ్ముడు ఊరి బయట మేకలు కాస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి పారిపోబోయాడు. "తమ్మీ, ఆగు రా, మాట చెప్పిపోతం" అని దూరం నుంచే బతిమాలాం. గట్టు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాం. కంచం చప్పుడు మాదేనని చెప్పాం. బొక్క బర్రెదని చెప్పాం. హైదరాబాదులో చూసినది చెప్పాం. అన్నీ విని వాడు మొదట అడిగిన మాట ఇది.

"ఆకులంటె ఏం ఆకులన్నా? మా మేకలు రేగాకు తింటయి, తుమ్మకాయ తింటయి. టేకాకు ముట్టయి."

సారు చెప్పింది గుర్తు తెచ్చుకొని చెప్పాం. అప్పటికి పూలు పూసే చెట్లే పుట్టలేదట. గడ్డి కూడా లేదట. ఫెర్న్ మొక్కలు, సైకస్ జాతి మొక్కలు, సూదుల్లాంటి ఆకులుండే చెట్లు తినేదట.

తమ్ముడు కాసేపు ఆలోచించాడు. "అంటె, అది ఇప్పుడు లేచినా దానికి తిననీకి ఏం లేదు. పాపం, ఆకలికి తిరుగుతున్నట్టుంది."

"అది లేవదు రా, చచ్చిపోయి 18 కోట్ల ఏళ్ళయింది."

"లేస్తదనుకో అన్నా. లేస్తే దాన్నెట్ల చంపాలె అని మీరు చూస్తున్నరు. చంపుడెందుకు? దాని తలకాయ దానికి దొరికితె అదే పంటది."

మేము ముగ్గురం నోరెత్తలేదు. పదకొండేళ్ళ పిల్లవాడు మేకల వెనక కూర్చొని ఆ మాట అన్నాడు. వాళ్ళ నాయన సాయంత్రం పని నుంచి వచ్చాక కాళ్ళు పట్టుకున్నంత పని చేశాం. సెలవుల తర్వాత తమ్ముడు సందుగ నెత్తిన పెట్టుకొని మళ్ళీ వచ్చాడు.

కడెం దిక్కు తమ్ముని ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి పెద్దమ్మ చెప్పింది. "చెరుకు కొట్టుడుకు పోయిన్రు బిడ్డా, నిజామాబాద్ దిక్కు. పిలగాన్ని సుత తీస్కపోయిన్రు. ఇంట్ల ఉత్తగుండి ఏం జేస్తడని." ఎప్పుడొస్తారని అడిగాం. ఆమెకు తెలియదు. ఎండాకాలంలో మళ్ళీ ఒకసారి పోయాం. తాళం అలాగే ఉంది. దాని మీద తుప్పు పట్టింది.

ఇక ఆట సంగతి. పెంబి తమ్ముడు వచ్చిన వారంలోనే మా చివరి గదిలో అది మొదలైంది. వాడు గట్టు మీద అన్న మాట నుంచే పుట్టింది. దానికి మేము పెట్టిన పేరు "తలకాయ ఆట". తర్వాత బ్యాచ్‌ల తమ్ముళ్ళు కొందరు ఆడి ఉంటారు. ఎలా ఆడాలో మరిచిపోకుండా ఇక్కడ రాస్తున్నాం.

ఒకడు కథ చెప్పేవాడు. వాడే రాకాసిని నడిపిస్తాడు, వాడే గోదావరి, వాడే వాన, వాడే చీకటి. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం ఎంచుకోవాలి. తెప్ప నడిపే బెస్తాయన, మూలికలు తెలిసిన అవ్వ, డప్పు కొట్టే తాత, మేకల కాపరి. ఒక్కొక్కరికి బలం, తెలివి, ధైర్యం అని మూడు లెక్కలు. అన్నీ కలిపి పన్నెండుకు మించరాదు. బలం ఎక్కువ కావాలంటే తెలివి తగ్గించుకోవాలి. మా తాతల చేతి డప్పుకు ఊళ్ళో ఎంత విలువ ఇచ్చారో గాని, మా ఆటలో మాత్రం డప్పుకే అందరికంటే పెద్ద శక్తి. దరువు వేస్తే రాకాసి నాలుగు అడుగులు ఆగిపోవాలి.

పాచికలు మాకెక్కడివి? అష్టాచెమ్మా గవ్వలే నాలుగు. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. వాగు దాటాలంటే మూడు పడాలి. రాకాసి ఎదుట నిలబడాలంటే నీ ధైర్యానికి గవ్వల లెక్క కలిపి తొమ్మిది దాటాలి. దాటకపోతే వెనక్కి పరుగు.

రాకాసికి పన్నెండు ప్రాణాలు, ఒక్కొక్కరి వంతుగా. కొట్టి పడగొట్టవచ్చు, కాని మూడో వంతు రాగానే బొక్కలన్నీ కూడి మళ్ళీ లేస్తుంది. ఎంత కొట్టినా లేస్తుంది. ఆట గెలవాలంటే ఒకటే దారి. దాని తలకాయను వెతికి తెచ్చి దానికి ఇవ్వాలి. ఇస్తే అది పడుకుంటుంది. ఆ తలకాయ ఎక్కడుందో నిర్ణయించేది కథ చెప్పేవాడు కాదు. గదిలో అందరికంటే చిన్నవాడు. వాడు ఒక చీటీ మీద చోటు రాసి తన సందుగ కింద పెట్టుకోవాలి. ఆట అయ్యేదాకా ఎవరూ ముట్టరాదు. పెంబి తమ్ముడు మొదటిసారి రాసిన చీటీ మాకు ఇంకా గుర్తు. "ప్రాణహితల. దాని ప్రాణం గాన్నే ఉన్నది" అని రాశాడు.

ఇంకొక నియమం కూడా వాడిదే. అష్ట పడినవాడు నిజంగానే లేచి, చీకట్లో బోరింగు దగ్గరికి పోయి చెంబెడు నీళ్ళు తేవాలి. కాని ఒంటరిగా పోరాదు. జతగానే పోవాలి. ఆ నియమంతో రెండు నెలల్లో ఆరో తరగతి పిల్లలందరికీ రాత్రి భయం పోయింది. చాపలు తడవడం ఆగింది. నీళ్ళ తగాదా కూడా తీరింది. రాత్రే మేము ట్యాంకు నింపి పెట్టేవాళ్ళం, పొద్దున్నే మొదటి వంతు చిన్నవాళ్ళది. ఇంత సులువు పని కోసం మేము ఎంత పెద్ద రాకాసిని లేపామో!

చదువులు అయ్యాక మాలో ఒకడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. అక్కడ తోటి ఉద్యోగులు సెలవు రోజున ఒక బల్ల చుట్టూ కూర్చొని ఆడే ఆటను చూసి వాడు ఆ రాత్రే మా అందరికీ ఫోన్ చేశాడు. "అరేయ్, మన తలకాయ ఆట వీళ్ళు ఇంగ్లీషుల ఆడుతున్నర్రా!"

ఆ ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని 1974లో అమెరికాలో తెచ్చారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్ళు వేషాలు వేస్తారు. బలానికి, తెలివికి లెక్కలుంటాయి. మన గవ్వల బదులు ఇరవై ముఖాల పాచిక. అందులో చచ్చి బొక్కలతో లేచిన డ్రాగన్ కూడా ఉంది. దాని పేరు డ్రాకోలిచ్. ఎడ్ గ్రీన్‌వుడ్ అనే కెనడా రచయిత 1986లో డ్రాగన్ అనే పత్రిక 110వ సంచికలో దాన్ని పరిచయం చేశాడు. చావంటే ఇష్టం లేని దుష్ట డ్రాగన్ ఒక విషపు కషాయం తాగుతుంది. శరీరం చస్తుంది, ప్రాణం పోయి ముందే సిద్ధం చేసిన ఒక రత్నంలో దాక్కుంటుంది. అక్కడి నుంచి తిరిగి తన బొక్కల్లోకే వచ్చి లేస్తుంది. ఎన్నిసార్లు ఆ బొక్కలు విరగ్గొట్టినా లాభం లేదు. ప్రాణం మళ్ళీ రత్నంలోకి పోయి ఇంకొక డ్రాగన్ శవం కోసం కాచుకుంటుంది. రత్నాన్ని పగలగొడితేనే దాని పని అయిపోతుంది.

ఇది వినగానే మాకు నవ్వు వచ్చింది. ఇది మన బాలనాగమ్మ కథే కదా! మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఆ చిలకను పట్టి తెచ్చింది పెద్ద పెద్ద వీరులు కాదు, పిల్లవాడు బాలవర్ధిరాజు. మన అవ్వలు వాకిట్లో చెప్పిన సంగతినే వాళ్ళు అచ్చువేసి, లెక్కలు కట్టి, ఆట చేశారు. మనం చదువుకున్నది తక్కువ కావచ్చు, విన్నది తక్కువ కాదు.

అయితే ఒక తేడా ఉంది. వాళ్ళ ఆటలో రత్నం పగలగొడతారు, మన కథలో చిలక మెడ విరుస్తారు. పెంబి తమ్ముని ఆటలో మాత్రం పోగొట్టుకున్నది దానికి తిరిగి ఇస్తారు. మాకు తెలిసినంతలో ఆ మాట ఇంకే ఆటలోనూ లేదు.

ఆ తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు, ఆ తర్వాత కూడా చదివాడు. ఇప్పుడు తాను కూడా పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. ఈ వ్యాసం రాస్తున్నామని చెబితే, "నా పేరు రాయకున్రి అన్నా, చాప సంగతి మాత్రం రాయున్రి, ఇప్పటి పిల్లలకు ధైర్యం వస్తది" అన్నాడు. అందుకే రాశాం.

ఇక కడెం దిక్కు తమ్ముని సంగతి. దసరా సెలవులకు పోయేటప్పుడు తన స్టీలు కంచం గూట్లోనే వదిలిపోయాడు. అంటే తిరిగి రావాలనే పోయాడన్న మాట. మేము గవ్వలు వేసింది ఆ కంచంలోనే. గవ్వలు పడినప్పుడల్లా అది గణగణమనేది. పదో తరగతి అయ్యాక మేము దాన్ని అక్కడ వదల్లేక వెంట తెచ్చుకున్నాం. పన్నెండు మందిలో ఒకరి ఇంట్లో అది ఇప్పటికీ భద్రంగా ఉంది. అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉంది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. చదివితే తనకే తెలుస్తుంది.

యామన్‌పల్లిలో పన్నెండు జంతువుల బొక్కలు దొరికాయి, తల మాత్రం దొరకలేదు. మా బ్యాచ్ పన్నెండు మందిమీ తలా ఒక ఉద్యోగం, తలా ఒక పని చూసుకొని ఎలాగో నిలబడ్డాం. ఎప్పుడు కలిసినా లెక్కలో ఒకటి తక్కువ అనిపిస్తుంది. తమ్మీ, నువ్వు ఇప్పుడు ముప్పై దాటిన మనిషివి. ఎక్కడున్నావో, ఏం చేస్తున్నావో. ఈ సంచిక నీ చేతికి వస్తే, లేదా నీ పిల్లల చేతికి వస్తే, హాస్టలుకు ఒక్క మాట చెప్పి పంపు. కంచం తెచ్చి ఇస్తాం. తప్పు మాది. ఆ రాకాసి ఆకులే తినేది. ఆ మాట నీకు చెప్పడానికే రెండుసార్లు నీ ఇంటి ముందుకు వచ్చాం.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు మేము చెప్పేది ఎక్కువ లేదు. కొత్తగా వచ్చిన పిల్లవాడు రాత్రి చెద్దరు కప్పుకొని మేలుకొని ఉంటే వానికి దయ్యాల కథ చెప్పకండి. లేచి, చెంబు పట్టుకొని, "పా తమ్మీ, నేను వస్త" అనండి. వాడు ఏదైనా రాకాసిని గురించి అడిగితే, అది ఏం తింటుందో, ఎందుకు తిరుగుతుందో, ఏం పోగొట్టుకుందో వాడినే చెప్పమనండి. గవ్వలు నాలుగు దొరికితే ఆటకు అంతే చాలు.

కందిలి వెలుగులో కూర్చున్న చోటు మాకు ఇప్పటికీ మన చివరి గదే. వార్షికోత్సవం జయప్రదం కావాలని కోరుకుంటూ,

ఇట్లు
మీ అన్నలు,
చివరి గది పన్నెండు మంది